సత్తిబాబు అన్న రెండు ఆయ్‌లు

ఈ తెల్లవారుజామున స్టవ్వు మీద గిన్నె మూత తీయగానే పనసాకు వాసన గుప్పుమని వంటిల్లంతా కమ్ముకుంది. పొట్టిక్కలు. నాలుగు పనసాకుల్ని చీపురుపుల్లలతో బుట్టల్లా కుట్టి, వాటిలో ఇడ్లీ పిండి పోసి ఆవిరికి ఉడికిస్తే, ఆకు పచ్చదనమంతా వాడిపోయి దాని కమ్మదనమంతా లోపలి ముద్దలోకి దిగుతుంది. అందరికీ ఆ వాసనకి ఆకలేస్తుంది. నాకు మాత్రం ఆకలికన్నా ముందు ఒక జీపు, ఒక కార్బన్ కాగితం, మా మామ్మ బోసినవ్వు గుర్తొస్తాయి.

ఈవేళ పొట్టిక్కలు వండింది మా అమ్మాయి ప్రణీత వేసిన ప్రయాణం కోసం. ఇంజనీరింగు చదువుతోంది, సెలవులకి అమలాపురం వచ్చి, వారం రోజులు ఫోనులో తల పెట్టి ప్లాను వేసింది. ఒక్కటే రోజు, మనకోసమే ఒక కారు, పొద్దున్న పాత కట్టడాలు, మధ్యాహ్నం కోరింగ మడ అడవిలో పడవెక్కి జంతువులు. అదుర్రు స్తూపం దగ్గర నలభై నిమిషాలు, ద్రాక్షారామంలో గంట, ఫొటోలకి పది నిమిషాలు, చివరికి బాత్రూముకి కూడా ఇన్ని నిమిషాలని రాసింది మహాతల్లి. "మధ్యలో ఎక్కడా ఆగడాల్లేవమ్మా, ముందే చెప్తున్నా" అంది. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నావంటే చెప్పడానికి ఒక పూట పడుతుంది, దాని ప్లానులో నాకు అంత టైము కేటాయించలేదు. అందుకని మీకు చెప్తున్నాను.

నా చిన్నప్పుడు మేము రాజోలు దగ్గర ఒక ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న హైస్కూల్లో సోషలు మాస్టారు. దేవదానం మాస్టారు వస్తున్నారంటే పిల్లలు సరే, మా పెరట్లో కోళ్ళు కూడా వరసలో నిలబడేవని అమ్మ ఎగతాళి చేసేది. ఆయనకి టైమంటే ప్రాణం. ఆదివారం చర్చికి మేం వెళ్ళేసరికి గంట కొట్టేవాళ్ళింకా నిద్రలేచేవారు కాదు. ఇంట్లో నాన్నకి పూర్తిగా ఎదురు మా మామ్మ సువార్తమ్మ, అంటే నాన్నని కన్నతల్లి. ఆవిడ జీవితంలో గడియారం చూడలేదు, చూడటం రాదు కూడా. పొద్దు, నీడ, ఆకలి, ఈ మూడింటితోనే రోజంతా నడిపేసేది. చిన్నతనమంతా వాళ్ళ అమ్మా నాన్నలతో కూలికి తిరిగిన మనిషి.

ఆ మామ్మ దగ్గర ఒక కబురుండేది. తన ఎనిమిదో తొమ్మిదో ఏట, కోతల కూలికని వాళ్ళందరూ గోదావరి దాటి తాళ్ళరేవు వైపు వెళ్ళినప్పుడు, ఒక సాయంత్రం మడ అడవి అంచున ఏటి ఒడ్డుకి నీళ్ళకని వెళ్ళిందట.

"నా కళ్ళతో చూసేనే బుల్లెమ్మా. కుక్కంత పిల్లి. ఒంటి నిండా చుక్కలు. బురదలో నిదానంగా నడుచుకుంటా వచ్చి, నీళ్ళల్లోకి దిగి, మొహం ముంచి చేపని పట్టేసింది. మా నాన్న దాన్ని బావురుపిల్లన్నాడు."

నాన్న ఎప్పుడు విన్నా ఇదే మాట. "పిల్లికి నీళ్ళంటే పడదమ్మా. నువ్వు చూసింది నీటికుక్కయ్యుంటది."

"కుక్కకీ పిల్లికీ తేడా తెలీదేంట్రా నాకు?" అని మామ్మ మూతి ముడుచుకునేది. వచ్చిన చుట్టాలందరి ముందూ ఈ గొడవ జరిగేది, అందరూ నవ్వేవారు, మామ్మ కూడా నవ్వేసేది గాని ఆ తర్వాత కాసేపు ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆ కాసేపు నాకు చాలా కష్టంగా ఉండేది. యాభై ఏళ్ళుగా నిజం చెబుతూ అబద్ధాలకోరనిపించుకోవడం ఎలా ఉంటుందో నాకు తొందరలోనే తెలిసొచ్చింది, ఎందుకంటే నేను ఆ కబురు తీసుకెళ్ళి అయిదో తరగతిలో అందరికీ చెప్పాను. ఆ రోజు నుంచి బడిలో నా పేరు బావురుపిల్లి. కొబ్బరిమట్ట మీద ఒకర్ని కూర్చోబెట్టి ఇంకొకరు ఈడ్చుకుంటూ పరుగెత్తే బండాట ఆడేటప్పుడు కూడా "బావురూ, నీళ్ళల్లోకి దిగు" అని నన్ను కాలవ వైపు లాక్కుపోయేవారు.

ఆ ఏడు నాన్న బడి పిల్లల్ని ఎక్స్‌కర్షనుకి తీసుకెళ్దామని ఎంత ప్రయత్నించినా పర్మిషను రాలేదు. ఆ కోపంలో, పోనీ మనమే వెళ్దాం అన్నారు. సొంత చుట్టాల పెళ్ళికి కూడా బస్సులోనే వెళ్ళే మనిషి, మా నలుగురి కోసం ఏకంగా ఒక జీపు మాట్లాడేశారు. అదుర్రు స్తూపం, ద్రాక్షారామం గుడి శాసనాలు, ఆఖర్న కోరింగ అడవి. అక్కడ పడవ నడిపే ధర్మయ్య అనే ఆయనకి కార్డుముక్క కూడా రాసేశారు. క్రిస్మస్ అయిన మూడో రోజున ప్రయాణం. డబ్బాలో ఇంకా పండక్కి వండిన గులాబీ పువ్వులు కరకరలాడుతున్నాయి, కజ్జికాయల్లో కొబ్బరి తడి ఆరలేదు, పొద్దున్నే మంచు ఎంత దట్టంగా ఉండేదంటే మా అరటిచెట్లు ఎనిమిదింటిదాకా కనపడేవి కాదు.

నాన్న ప్రయాణానికి టైంటేబులు వేశారు. అక్షరాలా టైంటేబులే: ఫస్టు పీరియడు అదుర్రు, సెకండు పీరియడు ద్రాక్షారామం, మధ్యాహ్నం పన్నెండింటికి కోరింగ. కార్బన్ పెట్టి మూడు కాపీలు తీశారు, ఒకటి ఆయన జేబులోకి, ఒకటి అమ్మకి, ఒకటి జీపు నడిపే సత్తిబాబుకి. మామ్మ అమ్మ చేత చదివించుకుని వింది. పన్నెండు అనగానే ఆవిడ మొహం వాడిపోయింది.

"మిట్టమధ్యాహ్నం అదెందుకొస్తాదిరా? పొద్దుగూకే వేళ, పోటు నీళ్ళు వెనక్కి తీసినప్పుడు, బురద తేలినప్పుడొస్తాది."

"అమ్మా, చీకటి పడేలోగా ఇంటికి రావాలి. రాని పిల్లి కోసం టైంటేబులు మార్చలేను" అన్నారు నాన్న.

మామ్మకి మోకాళ్ళు అప్పటికే మొరాయిస్తున్నాయి. మళ్ళీ జీపు మాట్లాడటమన్నది మా ఇంట్లో జరిగే పని కాదు. ఆవిడ మాట నిజమని తేలితే ఆ రోజే తేలాలి, లేకపోతే ఇక ఎప్పటికీ లేదు.

తెల్లారి అయిదున్నరకి సత్తిబాబు వచ్చాడు. మనిషి సన్నగా, మెడలో మఫ్లరుతో, ఏం చెప్పినా తల వంచి వినేవాడు. నాన్న ఎదురెళ్ళి, "సత్తిబాబూ, పన్నెండింటికి కోరింగలో ఉండాలి, ఎక్కడా ఆపొద్దు" అన్నారు.

"ఆయ్" అన్నాడు సత్తిబాబు.

నాన్న లోపలికి రాగానే మామ్మ గోడ పట్టుకుని నెమ్మదిగా బయటికెళ్ళింది. నేను జీపు వెనక సీటులో పొట్టిక్కల క్యారేజీ సర్దుతున్నాను.

"నాయనా సత్తిబాబూ, మా వోడు తొందరపెడతాడు గాని, నువ్వు మాత్రం పొద్దు వాలేకే అక్కడికి చేర్చు."

"ఆయ్" అన్నాడు సత్తిబాబు.

మామ్మ నన్ను చూసి పెదాల మీద వేలు పెట్టింది. నేను నోరు మూసుకున్నాను. నాన్న దగ్గర నేను దాచిన మొదటి పెద్ద రహస్యం అదే.

బయటివాళ్ళకి తెలియదేమో, మావైపు ఆయ్ అంటే సరేనని కాదు. విన్నానండి, మీరంటే నాకు గౌరవమండి, అని. ఆ తర్వాత ఏం జరుగుతుందన్నది వేరే సంగతి. ఇక్కడే పుట్టి పెరిగిన నాన్నకి ఆ మాత్రం తెలియదా అంటే తెలుసు. కాకపోతే టైంటేబులు చేతిలో ఉన్న మనిషికి ప్రతి ఆయ్ ఒప్పందంలాగే వినిపిస్తుంది.

అదుర్రు సరిగ్గా టైముకే చేరాం. పొలాల మధ్య ఇటుకల దిబ్బ, దాని మీద మంచు. నాన్న రుమాలు భుజం మీద వేసుకుని మా ముగ్గురికీ క్లాసు మొదలుపెట్టారు, రెండువేల ఏళ్ళనాటిదని, బౌద్ధ భిక్షువులని, పడవల్లో వర్తకమని. మామ్మ వెళ్ళి ఒక ఇటుక వరస మీద చతికిలబడి, "ఇదేనా! మా అమ్మ ఇక్కడే గేదెల్ని మేపేది. ఎండాకాలం ఈ ఇటుకలు చల్లగా ఉండేవి, వీటిమీద కూర్చునే చద్దన్నం తినేవాళ్ళం" అంది. నాన్న పాఠం అక్కడితో ఆగిపోయింది. ఆయన కన్నతల్లి ఆ స్తూపం మీద అన్నం తిన్నదన్న సంగతి ఏ పుస్తకంలోనూ లేదు మరి. మేమూ అక్కడే పొట్టిక్కలు విప్పి కొబ్బరి పచ్చడితో తిన్నాం.

ఆ తర్వాత సత్తిబాబు తన పని మొదలుపెట్టాడు. అమలాపురంలో టైరులో గాలి చూడాలన్నాడు. గాలి చూసినాయన టీ తాగితే గాని కదలనివ్వలేదు. ముక్తేశ్వరంలో సరిగ్గా మా పెద్దమ్మ వాళ్ళ వాకిటి ముందే ఇంజను వేడెక్కింది. "నీళ్ళు పోయాలండి" అని దిగి బానెట్టు ఎత్తాడు, ఆ శబ్దానికి పెద్దమ్మ చేతిలో పిండి గరిటెతో బయటికొచ్చింది.

"ఇంటి ముందుకొచ్చి గుమ్మం తొక్కకుండా పోతారేంటండీ మరిదిగారూ? మా పరువేం కానండీ?"

నాన్న జేబులోంచి టైంటేబులు తీసి చూపించారు. పెద్దమ్మ దాన్ని అందుకుని, ఎంతో మర్యాదగా మడతపెట్టి, పెసరట్టు పళ్ళెం కింద పెట్టేసింది. పెసరట్టు తర్వాత కాఫీ, కాఫీ తర్వాత అరటిపళ్ళు, ఇంతలో పొయ్యి మీద అన్నం కుతకుతలాడిపోయింది. అన్నం ఉడికాక తినకుండా లేవడం మావైపు హత్యానేరం కంటే పెద్దది. రేవు దగ్గరికి వెళ్ళేసరికి జీపుల్ని దాటించే పంటు మా కళ్ళ ముందే అవతలి ఒడ్డు కోటిపల్లికి బయల్దేరిపోయింది. నాన్న ఇసకలో అటూ ఇటూ నడుస్తూ గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నారు, తప్పు దానిదేమోనని. మామ్మ మాత్రం రావిచెట్టు కింద బెంచీ మీద కూర్చుని కజ్జికాయ నములుతోంది.

నిజం చెప్పొద్దూ, ఆలస్యంలో పెద్ద వాటా నాన్నదే. ద్రాక్షారామం గుడిలో స్తంభాల మీద శాసనాలు చూడగానే ఆయన లోకాన్నే మర్చిపోయారు. వేలితో ఒక్కో అక్షరం తడుముతూ, కూడబలుక్కుని చదువుతూ, ఒక ముక్క అర్థమైతే చిన్నపిల్లాడిలా నన్ను పిలుస్తూ, రెండు గంటలు. ఆయన గడియారం చూసుకోకపోవడం నేను పుట్టాక అదే మొదలు. "అత్తయ్యగారూ, ఈయన్ని లేపమంటారా?" అని అమ్మ అడిగితే, మామ్మ "చదువుకోనియ్యమ్మా పాపం" అంది ఎంతో జాలిగా.

కోరింగ చేరేసరికి పొద్దు వాలిపోయింది. పడవ ధర్మయ్య మా కోసం చూసి చూసి వల బాగుచేసుకుంటున్నాడు. నాన్న క్షమించమనబోతే ఆయనే, "మంచి వేళకే వచ్చేరండి. పన్నెండింటికొస్తే నిండా నీళ్ళు, ఏం కనపడద్దండి? ఇప్పుడే నీరు తీస్తంది" అన్నాడు. నేనూ మామ్మా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు, చూసుకుంటే దొరికిపోతాం.

సన్నటి పాయలోకి పడవ మళ్ళింది. రెండు వైపులా మడచెట్లు, బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు, వాటి మధ్య గెంతే చిట్టిచేపలు, ఉప్పూ కుళ్ళాకూ కలిసిన వాసన. నీటికుక్కలు మూడు ఈదుకుంటూ పోయాయి. "అదిగోనమ్మా, నువ్వు చూసింది" అన్నారు నాన్న. మామ్మ చూపు మాత్రం ఒడ్డు మీదే ఉంది. ఒడ్డున పడవంత బురద తేలింది, దాని మధ్య చిన్న గుంటలో నీళ్ళు నిలిచాయి. ఎండ చెట్ల మొదళ్ళలోకి దిగిపోతోంది. ఇక వెనక్కి తిప్పుదామని నాన్న అనబోతుండగా ధర్మయ్య గెడ పైకెత్తి ఊరుకున్నాడు.

చెట్ల వేళ్ళ మధ్యనుంచి అది వచ్చింది. కుక్కంత పిల్లి. ఒంటి నిండా చుక్కలు. మమ్మల్ని లెక్కచెయ్యకుండా గుంట పక్కన కూర్చుని, ముందుకాలితో నీళ్ళని మెల్లగా తట్టి, నీళ్ళల్లోకి దిగి, మొహం మొత్తం ముంచింది. పైకి లేచేసరికి నోట్లో చేప గిలగిలా కొట్టుకుంటోంది. మామ్మ చెప్పిన కబురులో ఒక్క ముక్క తేడా లేదు. నాకు ఏడుపొచ్చేసింది, సంతోషంతోనే.

అది వెళ్ళిపోయాక మామ్మ నెమ్మదిగా అంది, "పిల్లికి నీళ్ళు పడవేంటండీ, మాస్టారూ?"

నాన్న పెసరట్టు నూనె మరకలున్న టైంటేబులు తీసి, వెనక వైపు రాశారు: బావురుపిల్లి. సాయంత్రం అయిదూ ముప్పై అయిదు. అమ్మ చెప్పినట్టే. "సంతకం కూడా పెట్టు" అంది మామ్మ. పెట్టారు. చదవడం రాని మామ్మ ఆ కాగితాన్ని తన బైబిల్లో దాచుకుంది. మధ్యలో ఒక్క రోజు నాకిచ్చింది, బడిలో చూపించడానికి. ఆ తర్వాత కూడా నన్ను బావురుపిల్లనే పిలిచారు గాని, ఆ పిలుపులో వెక్కిరింత పోయింది.

రేవులో దిగాక నాన్న సత్తిబాబుని నిలదీశారు. "పన్నెండింటికని చెప్తే ఆయ్ అన్నావు కదయ్యా!"

సత్తిబాబు తల వంచుకుని, "మీరు చెప్పేరండి, ఆయ్ అన్నానండి. మామ్మగారూ చెప్పేరండి. ఆరికీ ఆయ్ అన్నానండి. ఇద్దరి మాటా ఎలా కాదంటానండీ" అన్నాడు. నాన్న ముందు మామ్మని చూశారు, తర్వాత నన్ను, ఆ తర్వాత అక్కడే ఇసకలో కూలబడి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు.

ఇప్పుడు మామ్మ లేదు. పెద్దమ్మ వాకిలి ఉన్నచోట మేడ లేచింది, అందులో ఎవరుంటారో నాకు తెలియదు. ఈవేళ మా కారు ఏదుర్లంక వంతెన మీదుగా పోతుంది, రేవులో పంటు కోసం ఎదురుచూసే పనే లేదు. ఇంజను వేడెక్కదు, టైరుకి గాలి చాలకపోతే అదే చెప్తుంది. ఫోనులో ట్రావెల్సు వాళ్ళు ఏమడిగినా "ఓకే మేడమ్" అంటారు. ఓకే అంటే ఓకేనే, అందులో ఒక పెసరట్టుకి కూడా చోటుండదు.

ఆరవుతోంది. కారు గేటు ముందుకొచ్చింది. మా అమ్మాయి బయటికెళ్ళి డ్రైవరుకి ఫోను చూపిస్తూ, "అంకుల్, మధ్యాహ్నం రెండుకల్లా కోరింగలో ఉండాలి, ఎక్కడా ఆపకండి" అని చెప్పి, చార్జరు మర్చిపోయానని లోపలికి పరుగెత్తింది. నేను పొట్టిక్కలు క్యారేజీలో సర్దుతూ వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. స్వెట్టరు వేసుకుని, చేతిలో కర్రతో మా నాన్న, ఎనభై దాటిన దేవదానం మాస్టారు, అటూ ఇటూ చూసుకుని నెమ్మదిగా గేటు దగ్గరికెళ్ళారు. కారు కిటికీలోకి వంగారు.

"బాబూ, మా మనవరాలు తొందరపెడతది గాని, నువ్వు పొద్దు వాలేకే అక్కడికి చేర్చు."

డ్రైవరు తల వంచి విన్నాడు.

"ఆయ్" అన్నాడు.