జొన్నపాతరలో వినిపించిన గొంతు

దయ్యాలంటే నాకు ఒట్టి నవ్వులాట. బళ్లో పంతులు పని నాది, పైగా స్కౌటు మాస్టర్ని. చింతచెట్టు మీద దయ్యముందని పిల్లలు జడుసుకుంటే, ఆ చెట్టు కిందే గుడారం వేసుకుని పడుకుని చూపించిన మనిషిని. ఇప్పటికీ నమ్మను. కాని ఈ ఒక్క సంగతికి మాత్రం నా దగ్గర సమాధానం లేదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నరసరావుపేటలో మా నాన్న మంచాన పడ్డాడు. ఇక ఎన్నాళ్లో ఉండడని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. ఆయన కోరిక ఒక్కటే, చెల్లెల్ని చూడాలని. మా మేనత్త రూతమ్మను మాచర్ల అవతల పల్లెలో ఇచ్చారు. ఆ పెళ్లి దగ్గరే మాటామాటా పెరిగి రాకపోకలు తెగిపోయాయి. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పేది, "పొట్టోడా" అని పిలిచేది. నన్నలా పిలిచిన మనిషి ఆమె ఒక్కతే.

"నువ్వెళ్లి తీసుకురారా, నేనుండగానే" అన్నాడు నాన్న.

పెట్రోలు కరువు. బొగ్గుతో నడిచే బస్సు ఎక్కడ ఆగిపోతుందో దానికే తెలియదు. అందుకని సైకిలుకు గుడారం గుడ్డ, గిన్నె కట్టుకుని ఒంటరిగా బయల్దేరాను. నిజం చెప్పొద్దూ, దారిలో అలా మకాం వేయడమంటే నాకు సరదా కూడా.

మేనత్త ఊరు ఇంకో రెండు మూడు మైళ్లుందనగా, మధ్యాహ్నంపూట మబ్బు కమ్మింది. నల్లరేగడిలో వాన పడితే సైకిలు కదలదు. పక్కనే, జనం ఎప్పుడో వదిలేసి పోయిన పాత ఊరి దిబ్బ కనిపించింది. నీళ్లు నిలవని మిట్ట మీదే గుడారం వేయాలని పిల్లలకు నేర్పేది నేనే. నీళ్లు నిలవని మిట్ట మీదే జొన్నపాతర కూడా తవ్వుతారన్న సంగతి మాత్రం నా మట్టిబుర్రకు తట్టలేదు. మేకు మీద గట్టిగా ఒక దెబ్బ వేశాను. మట్టి కింద మూతగా పరిచిన నాపరాయి విరిగింది. నేను, మేకు, సుత్తి, అన్నీ లోపలికి.

పాతరంటే భూమిలో గింజలు దాచే గొయ్యి. కుండలాగా మూతి ఇరుకు, పొట్ట వెడల్పు. ఎక్కడానికి పట్టు దొరకదు. అడుగున మురిగిన జొన్నల కంపు. మూత తీశాక కొంతసేపు ఆగి, దీపం దించి, అది ఆరకపోతేనే మనిషి దిగాలి. లోపలి చెడుగాలి అడుగునే ఉంటుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసి ఏం లాభం, అప్పటికే లోపలున్నాను.

అరిచాను. ఎవరూ పలకలేదు. ఊపిరి బరువెక్కింది. ఇక్కడే పోతే నాన్నకు చెల్లెలూ దక్కదు, కొడుకూ దక్కడు అనుకుని ఏడ్చాను కూడా. కాసేపు కూర్చుంటే హాయిగా ఉంటుందనిపించింది. మోకాళ్లు వంగిపోయాయి.

"కూకోమాక పొట్టోడా! లెగు!"

పైనుంచి ఆడగొంతు. తలెత్తితే మబ్బు తప్ప ఏమీ లేదు.

"అత్తా!" అన్నాను.

"గోడకానుకుని నిలబడు. కళ్లు మూయమాక. మీ నాయన ఎట్టుండాడో చెప్పు."

చెప్పాను. మంచాన పడ్డాడని, నీకోసమే చూస్తున్నాడని. నేను ఆగితే చాలు, "చెప్పరా" అని గద్దించేది. మోకాలు వంగితే తిట్టేది. "వస్తన్నానని చెప్పు అన్నకి" అంది. పైకి లాగమని బతిమాలాను. దానికి మాత్రం జవాబు రాలేదు.

పొద్దు వాలుతుండగా మేకలు కాసుకునేవాళ్లిద్దరు వచ్చి, తలగుడ్డలు ముడేసి నన్ను లాగారు. అంత హడావిడి చేసిన ఆ మబ్బు చుక్క రాల్చకుండానే తేలిపోయింది.

"ఏందయ్యా, భూమిలోంచి మాటలు ఇనపడతంటే మా పైప్రాణాలు పైనే పోయినయ్యి!" అన్నాడు ఒకాయన.

పైనున్న ఆవిడేదని అడిగాను. రెండో ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఎవురూ లేరయ్యా. నువ్వే మాట్టాడతన్నావు, నువ్వే ఏడస్తన్నావు."

వాళ్లే నన్ను మేనత్త ఇంటికి చేర్చారు. ఆమె మంచం మీద ఉంది. నిరుడు పక్షవాతం వచ్చిందట. మాట పడిపోయింది, కాళ్లు కదలవు. తెగిన చుట్టరికం కదా, మాకెవరు చెబుతారు? నేనింకా నోరు విప్పకముందే ఆమె కోడలు అందుకుంది.

"చానా ఇచిత్రం అన్నయ్యా. మబ్బు పట్టినప్పుడు మంచం మీంచి లేచింది. అదిగో, ఆ గోడకానుకుని నిలబడింది. కూకోబెట్టబోతే చెయ్యి ఇదిలిచ్చుకుంది. పొద్దు వాలేదాకా కూకోలా. చూడు, కాళ్లెట్టా వాచినయ్యో!"

మేనత్త నన్ను చూసి నోరు కదిపింది. చెయ్యి చాపి నా మోకాళ్లు తడిమింది. ఆమె ఒళ్లో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

బండి కట్టించుకుని నరసరావుపేట తీసుకొచ్చాను. నాన్న ఇంకా బతికే ఉన్నాడు. "వచ్చావా రూతూ" అని చెయ్యి పట్టుకున్నాడు, ఆమె తల ఊపింది. ఆ తర్వాత ఆమె మళ్లీ లేచి నిలబడిందీ లేదు, మాట్లాడిందీ లేదు.

చెడుగాలి తలకెక్కితే ఏవేవో వినిపిస్తాయని నాన్నను చూసే డాక్టరుగారు తేల్చేశారు. సరే, నాకు వినిపించింది ఆ గాలి పనే అనుకుందాం. మరి మైళ్ల అవతల మంచం మీదున్న మనిషిని లేపి గోడకు నిలబెట్టిందేమిటి? అది ఆయనా చెప్పలేదు, నాకూ ఈనాటికీ అంతుపట్టలేదు.