ఒకే పిండానికి మూడు వయసులు

మెడికల్ కాలేజీలో నేను ముప్ఫై ఏళ్ళకు పైగా పిండశాస్త్రం చెప్పాను. తిరువళ్ళూరు నుంచి రోజూ లోకల్ రైల్లో వెళ్ళి, సాయంత్రం అదే రైల్లో తిరిగి వచ్చేదాన్ని. మా గదిలో గోడ పొడవునా అద్దాల బీరువా ఉండేది. అందులో వయసు వరసన సీసాలు పేర్చి ఉండేవి. మొదటి సీసాలో ఉన్నది చూపిస్తే తప్ప ఎవరికీ కనపడదు. చివరి సీసాలో ఉన్నదానికి ముఖం ఉంటుంది.

కొత్త విద్యార్థులకు మొదటి రోజే ఒక మాట చెప్పేదాన్ని. ఈ సీసాల్లో ఉన్న ప్రతి ఒక్కటీ ఎవరో ఒక ఆడదాని నష్టం, మనకు తెలిసిందంతా వాళ్ళు పోగొట్టుకున్నదాన్నుంచే తెలిసింది అని. ముందు బెంచీలో వాళ్ళు అది కూడా రాసుకునేవాళ్ళు, పరీక్షలో వస్తుందేమోనని.

సీసాలో పెట్టి చూస్తే పైరూపమే తెలుస్తుంది. లోపల ఏముందో తెలియాలంటే కోయాలి. పిండాన్ని మైనంలో బిగించి, యంత్రానికి తగిలించిన కత్తితో, చూపుకు ఆనని పల్చదనంలో కోస్తారు. ముక్కలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బనులా వస్తాయి. వాటిని గోరువెచ్చటి నీళ్ళ మీద పరిచి, గాజు పలకల మీదికి ఎత్తి, రంగు వేస్తారు. తల నుంచి తోక దాకా వరస తప్పకుండా చూసుకుంటూ పోవాలి. అవును, అప్పుడు మనిషికి తోక ఉంటుంది.

మొదటి ఎనిమిది వారాలను ఇరవై మూడు దశలుగా విడదీశారు. దశను రోజులతో గుర్తించరు, రూపంతో గుర్తిస్తారు. వెన్ను పక్కన గడ్డలు ఎన్ని ఉన్నాయి, చెయ్యి మొగ్గలా ఉందా తెడ్డులా ఉందా, కంట్లో నలుపు దిగిందా అని చూస్తారు. "రోజులు అబద్ధం చెబుతాయి, చెయ్యి చెప్పదు" అనేవాడు మా ప్రొఫెసరు. రోజులంటే ఆడవాళ్ళు చెప్పిన రోజులని ఆయన ఉద్దేశం. నేనూ చాలా ఏళ్ళు ఆ మాటే పిల్లలకు చెప్పాను.

ఇదంతా చెప్పడం ఎందుకంటే, రిటైరయ్యాక ఒక్కసారే నాకు ఈ చదువుతో పని పడింది. పిలిచింది మా అక్క. ఇప్పుడు మా ఇద్దరికీ మాటలు లేవు.

అక్కను తిరుత్తణి దగ్గరి పల్లెలో ఇచ్చారు. బావకు కొంచెం చెరకు, కొంచెం మామిడి. ఒక్కడే కొడుకు. బోరు బండి మీద పనికి పోతాడు. ఆ లారీలు ఇక్కడ బయలుదేరితే ఛత్తీస్‌గఢ్ దాకా పోతాయి, నెలలకు గానీ తిరిగి రావు. వాడికి ఊత్తుకోట పిల్లను చేశారు. పెళ్ళికి ముందు ఆ పిల్ల శ్రీపెరుంబుదూరు దగ్గర ఫోన్లు తయారుచేసే కంపెనీలో పనిచేసి, అక్కడి హాస్టల్లోనే ఉండేది. పెళ్ళయి రెండేళ్ళు. నన్ను చిన్నత్తా అని పిలుస్తుంది.

అక్క ఫోన్ చేసినప్పుడు నేను ఆనాటి డైరీ రాసుకుంటున్నాను.

"ఏమే, రేపు పొద్దున్నే బయలుదేరి రా. నీ చదువుతో పనుండాది."

"ఎవరికి ఏమైంది?"

"కోడలు నీళ్ళు పోసుకునింది. ఎవుడివల్ల పోసుకునిందో వచ్చి చెప్పు."

మర్నాడు తిరుత్తణి రైలెక్కి, అక్కడినుంచి బస్సులో చేరేసరికి ఎండ బాగా ముదిరింది. బావ కుర్చీలో పేపరు పట్టుకుని ఉన్నాడు. కోడలు వంటింటి గడపలో కూర్చుని చిన్న ఉల్లిపాయలు ఒలుస్తోంది. తల ఎత్తలేదు. దేవుడి పటం కింద, విభూతి డబ్బా పక్కన, మాత్రల అట్ట ఒకటి ఉంది. కడుపు పోగొట్టే మాత్రలని దూరం నుంచే తెలిసింది. మందుల షాపులో చీటీ లేకుండా కొని తెచ్చినవి.

"కాఫీ తర్వాత తాగుదువు. ముందు ఇది చూడు" అని అక్క స్కాన్ కాగితం నా చేతిలో పెట్టింది. "ఎనిమిది వారాలంట. అచ్చేసి ఇచ్చినారు. నేను రాసింది గాదు."

"నీ కొడుకు ఎప్పుడొచ్చాడు?"

"ఆడి నెల కృత్తిక పండగకి రెండు దినాలు ముందర దిగినాడు. తిరుత్తణి కొండకి కావడి మోసినాడు. పది దినాలుండి పోయినాడు. లెక్క పెట్టు. ఆరు వారాలు. దానికి ముందర వాడు ఛత్తీస్‌గఢ్‌లో బోరేస్తా ఉన్నాడు. ఆడినించి ఈడిదాకా దిగే పైపు వాళ్ళ బండిలో కూడా లేదే."

బావ పేపరు తిప్పాడు.

"ఇంకొకటి విను" అంది అక్క. "మన లెక్కకి ఇది నెల తప్పి ఇంకా ఒక నెలే. నెలకి రెండు నెలల బిడ్డ యాడినించి వస్తుంది? పొలంలో వేసినా రాదే."

"కోడలు ఏమంటోంది?"

"ఏమంటుంది. నీ కొడుకుదే అంటుంది. ఇంకేమనాల. మూడు దినాలుగా ఆ మాత్ర మింగమంటే మింగదు. వాడు ఫోన్లో కడసారిగా చెప్పేసినాడు. చిన్నమ్మ వచ్చి చూసి చెప్పనీ, ఆమె తప్పంటే మింగాల్సిందే, మింగి ఊత్తుకోటకి పోవాల్సిందే అన్నాడు. నీకు పెండ్లా పిల్లలా, దినమ్మూ వాటినే చూసినావు గదా సీసాల్లో. చెప్పు."

అంటే నన్ను పిలిపించింది సందేహం తీర్చుకోవడానికి కాదు. తీర్పు అయిపోయింది, దాని కింద నేను సంతకం పెట్టాలి.

నేను కోడలి వైపు తిరిగాను. అడగాల్సిన ప్రశ్న ఒకటే. దాన్ని బావ ఎదురుగా అడగడం ఇష్టంలేక, "లోపలికి రామ్మా" అన్నాను.

"ఈడే అడుగు" అంది అక్క. "దాచేదేముండాది ఇంక."

ఆ పిల్ల అడగకముందే చెప్పింది. ఉల్లిపాయ ఒలవడం ఆపలేదు.

"ఆడి నెల మొదటి శుక్రవారం, చిన్నత్తా. అమ్మన్ గుళ్ళో కూళు అంబలి పోసిన దినం. అత్త నన్ను కుండ ముట్టనీలేదు. పెరట్లో కూర్చోమనింది. మామ అడిగితే, దీనికి ఈరోజే రావాల్నా అనింది."

బావ పేపరు దించాడు. "ఔను" అన్నాడు. "ఆ పొద్దు అది ఈడ లేదు. పెరట్లోనే ఉన్నింది."

నేను అందరికీ వినపడేలా చెప్పాను. డాక్టర్లు గర్భాన్ని బిడ్డ నిలిచిన రోజు నుంచి లెక్కపెట్టరు. ఆ రోజు ఎవరికీ తెలియదు కాబట్టి, చివరిసారి బయట చేరిన రోజు నుంచి మొదలుపెడతారు. స్కాన్ యంత్రం కూడా ఆ లెక్కకే అమర్చి ఉంటుంది. ఈ పిల్ల చెప్పిన శుక్రవారానికి ఇప్పటికి ఎనిమిది వారాలు. బిడ్డ నిలిచేది దాదాపు రెండు వారాల తర్వాత. అంటే కాగితంలో ఉన్న ఎనిమిదిలో మొదటి రెండు వారాలు కడుపులో ఏమీ లేదు. మా కాలేజీ లెక్కలో ఈ పిండం వయసు ఆరు వారాలు. మీరు చెప్పే నెల తప్పిన లెక్కలో ఒక నెల. మూడూ ఒకే పిండానివి. ఆరు వారాల కింద నీ కొడుకు ఈ ఇంట్లోనే ఉన్నాడు.

అక్క చిన్నప్పటినుంచీ తెలివైనది. నాకంటే తెలివైనది. ఎనిమిదో తరగతితో మాన్పించారు.

"అది పెరట్లో కూర్చున్నింది నేను చూసినా. రగతం చూసినానా? అది వచ్చిందనింది, నేను పోయి కూర్చోమన్నా. అంతే గదా."

నేను బదులు చెప్పేలోపు ఇంకొకటి అడిగింది.

"నీ సీసాల్లో ఉండేవాటికి వయసు ఎవరు చెప్పినారు?"

నేను కాగితంలో పొడవు రాసిన చోటు వెతుకుతున్నాను.

"ఆ తల్లులే గదా? వాళ్ళు చెప్పిన దినమే గదా చీటీ మీద రాసి అంటించినారు? అట్లయితే నీ చదువంతా ఆడదాని నోటి మాటే. దానికి ముప్ఫై ఏండ్లు జీతం తీసుకున్నావు."

ప్రొఫెసరు మాట గుర్తొచ్చింది. ఆయన కోటు వేసుకుని అన్నదాన్నే మా అక్క కొంగు బిగించి అంటోంది.

"అందుకే రూపం చూస్తాం" అన్నాను. "ఇందులో పొడవు రాసి ఉంది. చింతగింజంత. ఆ పొడవుకి చెయ్యి తెడ్డులా ఉంటుంది, వేళ్ళు విడి ఉండవు. అది ఆరు వారాల రూపం. దానికి ఈ పిల్ల మాట అక్కర్లేదు."

"ఆ రూపానికి ఆరు వారాలని మొదట ఎవరు చెప్పినారు?"

"ఇప్పుడు పిల్లలు లేనివాళ్ళకి గాజు పళ్ళెంలో కలుపుతారు. కలిపిన గంట రాసిపెడతారు. ఒకటి రెండయ్యేది, రెండు నాలుగయ్యేది కెమెరా చూస్తూనే ఉంటుంది. తర్వాత కడుపులో పెట్టి, పెరిగేకొద్దీ స్కాన్ తీసి కొలుస్తారు. అక్కడ ఏ ఆడదాన్నీ రోజు అడగాల్సిన పని లేదు. ఆ కొలతా ఈ కొలతా ఒకటే."

"కెమెరా చూసిందా" అంది అక్క. ఆ మాట మీద ఆమె మెత్తబడింది. కోడలు మూడు రోజులు చెప్పినదానికి మెత్తబడలేదు.

"కణక్కు సరిపోయినట్టేనా?" అని బావ అడిగాడు.

"లెక్క సరిపోయింది బావా."

వాడికి ఫోన్ చేసి స్పీకరులో పెట్టారు. వెనకాల బోరు చప్పుడు. నేను చెప్పిందంతా విని, "నువ్వు చెప్పితే సరే చిన్నమ్మా. ఉండనీ" అన్నాడు. పెళ్ళాంతో మాట్లాడతానని అనలేదు. పెట్టేయబోతూ, "పుట్టినాక ఒక టెస్టు చేయిద్దాంలే. తప్పేముండాది, ఒక మాటు చూసుకుంటే" అన్నాడు.

"అదీ సరే" అంది అక్క. "నువ్వు వచ్చే మంగళవారం కొండెక్కి, సామి ముందర కర్పూరం ఆర్పి ప్రమాణం చేసి రావే. ఊరోళ్ళ నోరు మూయాల గదా. ముందే ఇట్లని చెప్పుంటే ఇంత దూరం వచ్చేదా?"

"చెప్పినా అత్తా. మూడు దినాలుగా అదే చెప్తాండా."

"సరి సరి. చిన్నత్తకి కాఫీ పెట్టు. చక్కెర వెయ్యి, మంచి వార్త చెప్పింది."

మాత్రల అట్టను అక్క పటం కింది నుంచి తీసి బీరువాలో పెట్టింది. పారేయలేదు.

సాయంత్రం కోడలు నా సంచీ పట్టుకుని బస్సుకి సాగనంపడానికి వచ్చింది. చెరకు తోట దాటాక, "అది ఇప్పుడు ఎట్లుంటుంది చిన్నత్తా?" అని అడిగింది.

చెప్పాను. తల పెద్దది, రొమ్ము మీదికి వంగి ఉంటుంది. కళ్ళు పక్కలకు, నల్ల చుక్కల్లా. గుండె కొట్టుకోవడం మొదలై మూడు వారాలు. అరచేతిలో వేళ్ళ గీతలు పడి ఉంటాయి. తోక ఇంకా పూర్తిగా పోలేదు.

"నొప్పి తెలుస్తుందా దానికి?"

"తెలియదు. తెలిసే దారులు ఇంకా ఏర్పడలేదు."

"మంచిది" అంది. నాలుగడుగులు వేసి ఆగింది. "నాకొద్దు చిన్నత్తా."

నేను సరిగా వినలేదనుకున్నాను.

"నిన్నటిదాకా మాత్ర మింగనంటే మింగనన్నా. ఎవరిదో అన్నారు గదా, మింగితే ఔనన్నట్టు. ఈ పొద్దు వాళ్ళదే అని తేలిపోయింది. ఇంక నాకెందుకు?"

"తీయించుకుంటే తప్పు చేసింది కాబట్టే తీయించుకుంది అంటారు."

"అననీ. మీరు అందరి ముందరా చెప్పేసినారు. ఇంక అంటే తెలిసే అంటారు. తెలియక అనింది వేరే, తెలిసి అనేది వేరే."

"ఒక వారం ఆలోచించుకో."

"వారమంటే వేళ్ళు విడతాయి గదా?" అంది. "వద్దు. ఆ మాత్రలతో గాదు, డాక్టరు దగ్గరికే పోతా. మీ ఊర్లో. తర్వాత కంపెనీ హాస్టల్లో చేరతా, నా స్నేహితురాలితో మాట్లాడినా. మీరు తోడొస్తారా రారా, అదొక్కటే చెప్పండి."

బస్సు వచ్చింది. వస్తానని ఎక్కేముందు చెప్పాను. ఆ పిల్లను నిర్దోషి అని తేల్చింది నేనే. ఆ తేల్చడమే ఆ పిండానికి చివరి మాట అయిందని ఆ రాత్రి డైరీలో రాసి, కొట్టేయకుండా వదిలేశాను.

మంగళవారం ఆమె కొండకు పోతున్నానని ఇంట్లో చెప్పి, తిరుత్తణిలో రైలెక్కి తిరువళ్ళూరులో దిగింది. సంచీలో కొబ్బరికాయ, కర్పూరం అక్క కట్టి ఇచ్చినవి అలాగే ఉన్నాయి. ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, తమిళంలో మాట్లాడింది. చివరిసారి బయట చేరింది ఎప్పుడని అడిగింది. ఆ పిల్ల ఆడి మొదటి శుక్రవారం తేదీ చెప్పింది. డాక్టరమ్మ రాసుకుని వేళ్ళమీద లెక్కపెట్టి, తొమ్మిది వారాలు అంది.

"అందులో మొదటి రెండు వారాలు ఏమీ లేదు మేడమ్."

"అందరికీ అంతేమ్మా" అని, ఆవిడ కాగితం ముందుకు జరిపింది. "ఇక్కడ సంతకం పెట్టండి."

"మా ఇంట్లోవాళ్ళది?"

"అక్కర్లేదు. మీకు పద్దెనిమిది నిండాయి. మీ సంతకం చాలు."

"తేదీ నేను చెప్పిందే రాసినారు. ఎవరినీ అడగరా?"

డాక్టరమ్మకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఎవరిని అడగాలి?" అంది.

బయట బెంచీ మీద పిలిచేదాకా కూర్చున్నాం. నా ఫోన్ రెండుసార్లు మోగింది. అక్క. తీయలేదు.

"చిన్నత్తా, దాన్ని సీసాలో పెడతారా?"

"లేదు. ఇప్పుడు పిల్లలు కంప్యూటర్లో బొమ్మలు చూసి నేర్చుకుంటున్నారు."

"అయితే సరి" అంది. "దాన్ని చూసి ఇంక ఎవరూ లెక్క పెట్టే పన్లేదు."

లోపల నుంచి పిలుపు వచ్చింది. చెప్పులు బెంచీ కింద విడిచి, సంచీ నా ఒడిలో పెట్టి వెళ్ళింది. సంచీలో కర్పూరం వాసన వస్తూ ఉంది.