మావయ్యగారి మెయిల్ మర్యాద

నేను నడిపే రొయ్యల రైతుల మెయిలింగ్ లిస్టులో బంటుమిల్లి పెద్దాయన ఒకరున్నారు. అందరం మావయ్యగారనే అంటాం. లిస్టుకి రాసిన ప్రతి మెయిలూ నెట్‌లో ఎవరైనా చూడొచ్చు కాబట్టి, మా ఈమెయిల్ అడ్రసులు మోసగాళ్లకి దొరికిపోయేవి. వాళ్లు రాసే ప్రతి మెయిల్‌కీ ఆయన "అయ్యా, మీ లాటరీ నాకొద్దండీ" అని జవాబిచ్చేవారు. దాంతో ఇంకా ఎక్కువ వచ్చేవి.

"ఎందుకు రాస్తారండీ?" అంటే, "పలకరించినవాళ్లకి బదులివ్వకపోతే ఎలాగమ్మా?" అనేవారు.

విసిగిపోయి, ఆదివారమంతా కూర్చుని నెట్‌లోని పాత మెయిళ్లలో అడ్రసులన్నీ కనపడకుండా చేశాను.

మర్నాడే మావయ్యగారు లిస్టుకి రాశారు. "అడ్రసులు మాయమయ్యాయి. ఎవరూ ఇబ్బంది పడకూడదని, నా దగ్గరున్నవన్నీ కింద ఇస్తున్నాను."

అందరివీ ఇచ్చారు. మొదటిది నాదే, పేరు పక్కన గారుతో సహా.