రంగు ఆడని రాయి

పద్మారావు నగర్‌లో రాళ్ల గురించి తగువు వస్తే చివరి మాట బ్రహ్మచారిది. పెళ్లయి ముప్పై ఆరేళ్లయినా పేరు మాత్రం బ్రహ్మచారే. దాని మీద చేయాల్సిన వేళాకోళాలన్నీ వీధివాళ్లు ఎప్పుడో చేసేశారు, కొత్తగా మనం చేసేదేమీ లేదు. నాలుగడుగుల కొట్టులో కూర్చుని ఉంగరాలకూ కమ్మలకూ రాళ్లు పొదుగుతాడు. ఎవరైనా రాయి తెచ్చి అసలుదా నకిలీదా అంటే చూసి చెబుతాడు గానీ, చూసినందుకు పైసా పుచ్చుకోడు. చూపుకు కూలి తీసుకుంటే, కూలిచ్చినవాడి వైపే చూపు వంగుతుందని వాళ్ల నాన్న చెప్పిన మాట. ఆ నమ్మకం మీదే ముప్పై ఎనిమిదేళ్లుగా జనం అతని గడప తొక్కుతున్నారు.

ఆదివారం కొట్టు తెరవడు. మెట్టుగూడలో ఉండే రాజేందర్‌తో కలిసి పొద్దున్నే రైలెక్కి వికారాబాద్ వైపు పోతాడు. రాజేందర్ రైల్వేలో ట్రాక్ మీద నడిచి, కంకర చూసి చూసి రిటైరైన మనిషి. నేల చూడకుండా నాలుగడుగులు వేయలేడు. నల్లరాతి నేలల్లో కొత్తగా బావి తవ్విన చోట, రైతును అడిగి, పైకి తోడిన గుట్టలో రాళ్లు ఏరుకుంటారు. రాజేందర్ ఏరితే బ్రహ్మచారి పేరు చెబుతాడు. ఇద్దరి మధ్యా ఒప్పందం అంతే.

వానలు వెనకపట్టిన ఒక ఆదివారం రాజేందర్ ఒక గుండురాయిని సుత్తితో పగలగొట్టి, లోపలి తెల్లటి ముక్కొకటి తెచ్చి ఇచ్చాడు.

“చారీ, గిదేందో జూడు. జెర ఆరాంగ జూడు.”

బ్రహ్మచారి దాన్ని అరచేతిలో ఎగరేసి చూశాడు. గాజుపెంకు కన్నా తేలికగా ఉంది. విరిగిన చోట గాజులాగే నున్నగా ఉంది. పలుగురాయితో ఓ మూల గీస్తే గీత పడింది. ఒపల్ అనే రాయి మేలురకమైతే తిప్పినప్పుడు లోపల రంగులు కదిలి మెరుస్తాయి, అందుకని ఎండకు పెట్టి నాలుగు వైపులా తిప్పాడు.

“ఒపలే, అనుమానం లేదు. గానీ, లోపల రంగు ఆడ్తలేదు. రంగు ఆడని ఒపల్‌కు ఏమొస్తది? ఉత్త తెల్లరాయి. పారేయ్.”

రాజేందర్ ఏదో అనబోయి మానేశాడు. సంచిలో ఉన్న, అదే గుండురాతి మిగతా ఆరు ముక్కలూ గుట్ట మీద గుమ్మరించాడు. మొదటి ముక్కను మాత్రం బ్రహ్మచారి పారేయడం మరిచిపోవడంతో అది అతని జేబులోనే ఉండిపోయింది.

బుధవారం బట్టలు ఉతుకుతుంటే అది అతని భార్య సుమిత్ర చేతికి దొరికింది. ఎండ పడే కిటికీలో పెట్టి, మొగుణ్ణి కేకేసింది.

“ఏమయ్యా, గీ రాయి ఎంత మంచిగుంది! లోపల నీలం ఎట్ల ఉరుకుతుందో చూసినవా?”

“ఏ నీలం?”

“ఏ నీలం ఏంది? తిప్పి జూడు. అగో, అగో!”

తిప్పాడు. తెల్లగా ఉంది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ తిప్పాడు. తెల్లగానే ఉంది.

“ఆఁ, ఉంది ఉంది,” అన్నాడు. 

ఏడాదిగా కొట్టులో నీలాలన్నీ మసకేసినట్టు కనిపిస్తుంటే ట్యూబ్‌లైటును తిట్టుకున్నాడు. రెండుసార్లు మార్చాడు కూడా. లోపం లైటులో లేదని ఇప్పుడు తెలిసింది. పోయిన నెల అదే వీధిలో ఉండే శారదమ్మ కమ్మలకు రెండు నీలాలు జత కలిపి పొదిగాడు. అవి నిజంగా జతేనా? ఆవిడ మళ్లీ కొట్టుకు రాలేదు. బాగున్నాయి కాబట్టి రాలేదా, లేక వీధంతా చెబుతోందా?  కంటి డాక్టరు దగ్గరికి పోవచ్చు కదా అంటారా? నేనూ అదే అంటాను. కానీ రాళ్లు పొదిగేవాడు కంటి ఆసుపత్రి మెట్లెక్కితే, దిగేలోపు కొట్టు మూతపడుతుందని అతని భయం. ఆ భయం ఉత్తదని మాత్రం అనలేను.

మర్నాడు జనరల్ బజార్లో ముడి రాళ్లు కొనే పద్మనాభం దగ్గరికి వెళ్లాడు. పద్మనాభం రాతిని దీపం కింద తిప్పి తల ఊపాడు.

“బావుందండీ చారిగారూ. అంతా నీలమే. ఎరుపుంటే వేరే సంగతి, రేటంతా ఎరుపుదే కదా. నీలానిది కింది మెట్టు. అయినా ఒళ్లంతా రంగుంది, పగుళ్లు లేవు. ఓ మూణ్ణెల్లు పొడిగా ఉంచండి. సన్న పగుళ్లు రాలేదంటే అప్పుడు కోయిద్దాం. ఇంకెన్ని ముక్కలున్నాయి?”

“గిదొక్కటే.”

“అయ్యో, ఇంకో నాలుగుంటే సెట్టయ్యేది. అయినా మీకు తెలీదా, నన్నడుగుతున్నారు?”

“ఊకెనే. ఇంకొకల్ల నజర్ సుత పడితే మంచిదని.”

రాయి విషయంలో అతను ఆడిన రెండో అబద్ధం అది. మొదటిది పెళ్లాంతో ఆడాడు. ముప్పై ఎనిమిదేళ్లలో లేనిది రెండు రోజుల్లో రెండయ్యాయి.

బస్టాపులో నిలబడి, ఆ బావి తవ్వించిన రైతుకు ఫోన్ చేశాడు. రాజేందర్‌కు తెలియకుండా పోయి ఆ ఆరు ముక్కలూ ఏరుకొచ్చి, ఇప్పుడే దొరికాయని అతనికి చెప్పేద్దామని ఆశ.

“గా గుట్టనా? నిన్ననే ట్రాక్టర్ల ఏసి తొవ్వకు పోసినం. రోలర్ సుత తిరిగింది,” అన్నాడు రైతు.

ఇక తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకోవచ్చు. రాజేందర్ ఎన్నడూ అడగడు. కానీ చెప్పకపోతే వచ్చే ఆదివారం ఆ మనిషి మళ్లీ రాయి తెచ్చి ఆరాంగ జూడు అంటాడు. అప్పుడేం చెప్పాలి? మెట్టుగూడ బస్సెక్కాడు గానీ, రెండు స్టాపులు ముందే దిగిపోయి, మిగతా దారి కాళ్లీడ్చుకుంటూ నడిచాడు.

రాజేందర్ గుమ్మంలో కూర్చుని పాత టూత్‌బ్రష్‌తో రాళ్లు కడుగుతున్నాడు. బ్రహ్మచారి కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

“రాజన్నా, గా రాయికి రంగుంది. అందరికీ కనవడ్తుంది, నాకే కనవడ్తలేదు. నా కండ్లు పోతున్నయ్. నీ ఆరు ముక్కలు నేనే రోడ్డు పాల్జేసిన.” శారదమ్మ కమ్మల సంగతి కూడా ఆపకుండా చెప్పేశాడు.

రాజేందర్ చేతిలో బ్రష్ ఆగింది. బ్రహ్మచారి చాపిన రాయిని అందుకోలేదు, దాని వైపు చూడను కూడా లేదు.

“నీలమే గదా?” అన్నాడు మెల్లగా.

“నీకెట్ల ఎరుక?”

“పలగ్గొట్టంగనే కనవడ్డది. నువ్వు లేదన్నవ్. నువ్వు లేదంటే నాకే ఏమో అయిందనుకున్న. సోమవారం పొద్దుగాల్నే పోయి కండ్లు చూపించుకొని వచ్చిన.”

బ్రహ్మచారి చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని అడిగాడు.

“డాక్టర్ ఏమన్నడు?”

“మంచిగనే ఉన్నయన్నడు. నేనే నమ్మలే.”

బ్రహ్మచారి ఆ గుమ్మంలోనే కూలబడి, పక్కింటివాళ్లు చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చాడు. ఏడుపు ఆగాక, ఆ డాక్టరు దగ్గరికి రేపు తననూ తీసుకుపొమ్మని అడిగాడు.