మా నాయనమ్మ నేర్పిన ఆదరణ

నా చిన్నప్పుడు మేము పెడనలో ఉండేవాళ్ళం. మా వీధి చివర కలంకారీ అద్దకం వాళ్ళ ఇల్లు. ఆ ఇంటి అమ్మాయీ నేనూ బడిలో ఒకే బెంచీ. ఒక వేసవిలో వాళ్ళ నాన్నగారు దుప్పట్లు అమ్మడానికి గుడివాడ వెళ్ళి, అక్కడే గుండె ఆగి పోయారు.

అంత్యక్రియలు అయిన మర్నాడు మా నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి బయల్దేరింది. మా చర్చి సంఘంలో ఎవరికి ప్రార్థన కావాలన్నా ఆవిడనే పిలిచేవారు, అంత మాటకారి. నేనూ తక్కువ తినలేదు. సండే స్కూల్లో కంఠతా పట్టిన ఆదరణ వాక్యాలన్నీ దారిలో వల్లె వేసుకుంటున్నాను. అది విని నాయనమ్మ ఆగింది.

“వాటిని దాచుకో అమ్మాయ్. ఇవాళ నోటితో పని లేదు,” అంది.

మళ్ళీ నడుస్తూ, బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న భక్తుడి సంగతి చెప్పింది. ఆయన్ని చూడటానికి వచ్చిన స్నేహితులు గొల్లుమని ఏడ్చి, ఆయనతో పాటు నేల మీదే కూర్చుండిపోయారట. ఆయన బాధ చూసి రోజుల తరబడి ఒక్క మాటా అనలేకపోయారట.

“వాళ్ళు చేసిన మంచి పని అదే. నోరు తెరిచాక, తప్పు నీలోనే ఉందని ఆయన్ని పొడిచారు. చివరికి దేవుడికి కోపం వచ్చింది వాళ్ళ మీదే,” అంది.

ఇంటి నిండా జనం. వచ్చిన ప్రతివాళ్ళూ నా స్నేహితురాలి తల నిమిరి, “పెద్దదానివి, నువ్వు ఏడవకూడదు. అమ్మకి నువ్వే ధైర్యం చెప్పాలి,” అంటున్నారు. అది అందరికీ తలూపుతోంది. కంట్లో చుక్క నీరు లేదు. నాయనమ్మ వాళ్ళమ్మ పక్కన చతికిలబడి, భుజానికి భుజం ఆనించి కూర్చుంది. పెదవి కదపలేదు. నేను నా స్నేహితురాలి పక్కన చేరాను.

చాలాసేపటికి అది లేచి వెనక ఉన్న అద్దకం పాకలోకి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. బల్ల మీద సగం అద్దిన దుప్పటి అలాగే పరిచి ఉంది. అది ఒక చెక్క అచ్చు చేతిలోకి తీసుకుంది.

“నాన్న నన్ను దీని జోలికి రానిచ్చేవారు కాదే. వంకరగా వేస్తానని,” అంది.

మీ నాన్న దేవుడి దగ్గర హాయిగా ఉన్నారనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. “ఊఁ, చెప్పవే,” అన్నాను.

చెప్పింది. ఆయన తిట్లు, ఈల వేస్తూ అద్దే తీరు, మంగినపూడి సముద్రంలో తనని భుజాల మీదకి ఎక్కించుకున్న రోజు. చెబుతూ చెబుతూ భోరుమంది. నేనూ ఏడ్చేశాను. వాళ్ళమ్మ పరుగున వచ్చి కూతుర్ని గుండెకి హత్తుకుంది. వెనకే వచ్చిన బంధువొకాయన ఊరుకోమనబోతే నాయనమ్మ చెయ్యెత్తి ఆపింది.

“ఏడవనివ్వండి బాబూ.”

ఆ సాయంత్రం తల్లీ కూతుళ్ళు కాస్త అన్నం తిన్నారు.

ఇప్పుడు నా మనవరాళ్ళకే పెళ్ళిళ్ళవుతున్నాయి. బందరులో మా సంఘం వాళ్ళకి కష్టం వస్తే ముందు నాకే ఫోన్ చేస్తారు. ప్రార్థన చెయ్యమంటే చేస్తాను, కానీ ముందు పక్కన కూర్చుంటాను. మొన్న అవనిగడ్డలో, కొడుకుని పోగొట్టుకున్న ఒక తల్లి దగ్గర అలాగే కూర్చున్నాను. బస్సుకి వేళయిందని లేవబోతే ఆమె నా కొంగు పట్టుకుంది.

“వాడి సంగతులు చెప్పనా అమ్మా?”

“చెప్పు తల్లీ,” అని మళ్ళీ కూర్చున్నాను.