తాతయ్య నేర్పిన గెడ నడక

నా చిన్నప్పుడు మా ఊరికి వచ్చిన బాలే బృందం గురించి ఇప్పటికి మూడు ఉత్తరాలు రాశాను. పాత ప్రేక్షకులు తమ జ్ఞాపకాలు పంపాలని ప్రకటన ఇచ్చింది ఆ బృందంవారే. అందిందన్న ముక్క కూడా రాయలేదు. ఇది నాలుగోసారి. ఈసారి నలుగురూ చదివేచోట రాస్తున్నాను.

మాది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టుకు బతికే ఊరు. ఏటా వేసవిలో ఆ బృందం వచ్చి బడి ముందు వేదిక కట్టేది. మధ్యాహ్నమే చాపలు పరిచి చోటు పట్టుకునేవాళ్లం. మా తాతయ్య చాప ఎప్పుడూ ముందు వరుసలోనే. ఆట చూస్తున్నంతసేపూ ఆయన చుట్ట కూడా వెలిగించేవాడు కాదు.

ఆ ఏడు సరస్సు దాటి పెళ్లికి వెళ్లే జాలరుల కథ ఆడారు. వేదిక మీద చెక్కతో పడవ అంచు నిలబెట్టారు. దాని వెనక నలుగురు కుర్రాళ్లు పొడవాటి గెడలు పట్టుకుని, నెడుతున్నట్టుగా పడవ ముందు కొసకు నడుస్తున్నారు. మా సరస్సు లోతు తక్కువ. గెడను ముందు కొస దగ్గర అడుగుకు ఆనించి, భుజం మోపి, వెనక కొసకు నడవాలి. అప్పుడే పడవ ముందుకు సాగుతుంది. మా ఊళ్లో ఇది పసిపిల్లలకు కూడా తెలుసు. తాతయ్య లేచి నిలబడ్డాడు.

"అబ్బయా, ఆగండి! అట్ట నడిస్తే పడవ వెనక్కి పోతాది. పెళ్లికొడుకు మళ్లా ఇంటికే చేరతాడు!"

ఊరంతా గొల్లున నవ్వింది. మైకు పట్టుకున్న పట్నం పెద్దమనిషికి కోపం వచ్చింది. "ఏయ్ పెద్దాయనా, కూర్చో. చేపలు పట్టేవాళ్లకు నాట్యం ఏం తెలుసు?" అన్నాడు. నవ్విన వాళ్లందరూ తలలు దించుకున్నారు. ఆ మనిషి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. నాకు సిగ్గేసి తాతయ్య పంచె పట్టుకు లాగాను. ఆయన కూర్చోలేదు. చాప చుట్టి చంకన పెట్టుకుని, ఎవరికీ అడ్డం కాకుండా గోడ పక్కకు వెళ్లి, ఆట అయిపోయేదాకా నిలబడే చూశాడు.

మర్నాడు పొద్దున్నే, ఆ మైకు మనిషి కాదు, బృందానికి నాట్యం నేర్పే గురువుగారే తాతయ్యను వెతుక్కుంటూ ఒడ్డుకు వచ్చారు. తాతయ్య ఏమీ వాదించలేదు. గురువుగారిని పడవ ఎక్కించి, గెడ చేతికిచ్చి, "నిన్న మీ పిల్లోళ్లు ఆడినట్టే నెట్టండి అయ్యోరూ" అన్నాడు. గురువుగారు నెట్టారు. పడవ వెనక్కి జరిగి ఒడ్డున బురదలో కూరుకుపోయింది. ముందుగా నవ్వింది ఆయనే. "పెళ్లికొడుకు ఇంటికే వచ్చేశాడు పెద్దాయనా!" అన్నారు. అరచేతులు బొబ్బలెక్కినా మధ్యాహ్నందాకా ఆ నడక నేర్చుకునే వెళ్లారు.

ఇంటికి వస్తూ తాతయ్య నాతో, "నిన్న నా పంచె లాగినావే, నేను కూర్చొనుంటే ఆ అయ్యోరు మన ఒడ్డుకు వచ్చేవాడా?" అన్నాడు.

మరుసటి ఏడు గురువుగారు మైకు తీసుకుని, ఈ నడక మాకు నేర్పింది ఈయనేనని ఊరందరి ముందూ చెప్పారు. లేవమంటే అప్పుడు మాత్రం తాతయ్య లేవడానికి మొహమాటపడ్డాడు.

పోయిన నెల నెల్లూరులో అదే ఆట మళ్లీ చూశాను. తాతయ్య నడక ఒక్క అడుగు కూడా చెడలేదు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ రంగం అయ్యాక, ఆట మధ్యలోనే మైకులో, ఆ పడవ నడక అంతా కీర్తిశేషులైన మా గురువుగారి సొంత ఊహ అని చెప్పారు. నేను లేచి నిలబడ్డాను. ఒక అమ్మాయి వచ్చి, కూర్చోండి, వెనకవాళ్లకు అడ్డమంది. పక్కకు జరిగి గోడకు ఆనుకుని నిలబడ్డాను. మోకాళ్లు నొప్పి పుట్టినా తెర పడేదాకా కూర్చోలేదు.

నేను పొగడ్త అడగడం లేదు. మీ గురువుగారు ఒప్పుకున్నదాన్ని మీరెందుకు దాస్తున్నారని అడుగుతున్నాను. ఆయన మా ఒడ్డుకొచ్చి, చేతులు బొబ్బలెక్కేదాకా నేర్చుకున్న నడక అది. అదే మైకులో ఆ మాట ఎప్పుడు చెబుతారు? నేనింకా నిలబడే ఉన్నాను. జవాబు చెప్పండి.