ఓటు నమోదు చేసుకుంటారా అని అడిగినందుకు

అమెరికాలో, టెక్సస్ ఇర్వింగ్‌లో నేను పనిచేసే ప్రభుత్వ ఆఫీసుకి జనం ఆకలితో వస్తారు, లేదా కోపంతో వస్తారు. ఉద్యోగం పోయినవాళ్ళు, జబ్బుపడ్డవాళ్ళు, మొగుడు వదిలేసినవాళ్ళు తిండి సరుకులకిచ్చే ఫుడ్ స్టాంపులకీ పిల్లల వైద్యానికీ దరఖాస్తు పెట్టుకునే చోటు అది. కాదన్నప్పుడు కుర్చీలు ఎగిరిన రోజులున్నాయి. ఒకాయన అద్దాల తలుపుని తలతో కొట్టి పగలగొట్టాడు. నా ముఖం మీద ఉమ్మినవాళ్ళున్నారు. అందుకే మా ప్రతి బల్ల కిందా ఒక బటన్ ఉంటుంది. నొక్కితే గార్డు పరిగెత్తుకొస్తాడు.

వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి వివరాలు అడగడం నా పని. ఇంట్లో ఎవరెవరున్నారు, సంపాదన ఏమిటి, అద్దె ఎంత, ఇలా అన్నీ అయ్యాక ఇంకో ప్రశ్న ఉంటుంది. ‘మీరు ఇప్పుడుంటున్న చోట ఓటరుగా నమోదై లేకపోతే, ఈరోజు ఇక్కడే నమోదు చేసుకుంటారా?’ సహాయం కోసం వచ్చిన ప్రతివాళ్ళనీ ఇది అడగాలని చట్టం. కొత్తగా దరఖాస్తు పెట్టినా, పాతది పొడిగించుకున్నా, అడ్రస్ మారినా అడగాల్సిందే. అవునన్నా కాదన్నా వచ్చే సహాయం తగ్గదు, పెరగదు. ఎవరికి వేయాలో మేం చెప్పకూడదు, వద్దని నిరుత్సాహపరచకూడదు. సిటిజన్ కాని మనిషి తెలియక సంతకం పెడితే అది వాళ్ళ మెడకే చుట్టుకుంటుంది కాబట్టి ఆ సంగతి మాత్రం ముందే విడమరిచి చెప్తాను. చాలామంది ఆ ప్రశ్న దగ్గర నవ్వుతారు. తిండి కోసం వస్తే ఓటంటుందేమిటి ఈవిడ అన్నట్టు చూస్తారు. ఆ ప్రశ్న దగ్గర రక్తం కారడం మాత్రం ఒక్కసారే చూశాను.

ఎండలు మండిపోతున్న రోజులు. నా బల్ల ముందుకి ఒక జంట వచ్చింది. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజాన లాప్‌టాప్ బ్యాగుతో, ఏదో క్లయింట్ మీటింగ్‌కి వచ్చినట్టున్నాడు. ఆమె అంత ఎండలోనూ మణికట్టు దాకా చేతులున్న చొక్కా వేసుకుంది. నా ఇంగ్లీషులో తెలుగు యాస వినగానే అతని ముఖం వెలిగిపోయింది.

“మీరు తెలుగువాళ్ళా అక్కా! బతికిపోయాం. మా కాంట్రాక్ట్ ఎండ్ అయిపోయింది. ఇంకోటి దొరికేదాకా ఏదో ఒకటి చూడండి.”

ఇద్దరూ సిటిజన్లే. ఆమెని ఏది అడిగినా జవాబు అతనే చెప్పాడు. పుట్టినరోజు అడిగినా అతనే చెప్పాడు. అలాంటి మగవాళ్ళు నాకు కొత్త కాదు. చివరి ప్రశ్నకి వచ్చాను.

“నాకు ఆల్రెడీ ఉందక్కా,” అన్నాడు. “తనకి అక్కర్లేదు. నో అని టిక్ చేసేయండి.”

“ఆవిడ సంగతి ఆవిడే చెప్పాలండీ.”

ఆమె తలెత్తి మొదటిసారి నా కళ్ళలోకి చూసింది. “చేసుకుంటానండీ,” అంది.

అతను నవ్వాడు. “దీనికేం తెలుసక్కా? ఫ్రీగా ఇస్తామంటే ఏదైనా తీసుకుంటుంది.” కుడిచెయ్యి బల్ల మీదే ఉంది. ఎడమచెయ్యి కిందికి పోయింది. “ఇంకోసారి అడగండి. సరిగ్గా చెప్తుంది.”

ఆమె భుజం ఒక పక్కకి ఒరిగింది. బల్ల కింద ఏదో జరుగుతోందని తెలుస్తోంది, ఏమిటో కనిపించడం లేదు. ఆమెని అక్కడినుంచి లేపాలంటే నాకు ఒకటే దారి తోచింది. ఆ ఫారం మీదే రాసి ఉంటుంది, కావాలంటే ఒంటరిగా కూర్చుని నింపుకోవచ్చని.

“ఇది మీరు ఒక్కరే కూర్చుని నింపుకోవచ్చమ్మా. పక్కన గది ఉంది. నాతో రండి,” అన్నాను.

“ఒక్కతే ఎందుకు? నేనేమన్నా పరాయివాణ్ణా?”

పచ్చి చిక్కుడుకాయ తుంచినట్టు చిన్న చప్పుడయింది. ఆమె నోరు తెరుచుకుంది గానీ అరుపు రాలేదు. కళ్ళలోంచి నీళ్ళు జారి గడ్డం దాకా వచ్చాయి. పెదాలు మాత్రం నవ్వుతున్నాయి.

“వద్దండీ. నాకు ఓటొద్దు.”

నేను లేచి నిలబడి బల్ల మీదుగా వంగి చూశాను. ఆమె చిటికెనవేలు వెనక్కి, మణికట్టు వైపు తిరిగిపోయి ఉంది. అతని పిడికిలి ఇంకా దాన్ని వదల్లేదు. నేను బటన్ నొక్కాను.

అతను నా చెయ్యి కదలడం చూశాడు. ఒక్క ఉదుటున లేచి, ఆమె జుట్టు పట్టుకుని ముఖాన్ని బల్ల అంచుకేసి కొట్టాడు. రెండోసారి కొట్టబోతుంటే నేను అతని చొక్కా పట్టుకుని లాగాను. బల్ల మీద ఇనప స్టేప్లర్ ఉంది. అది ఎప్పుడు అందుకున్నాడో చూడలేదు. నా ఎడమకన్ను మీద పిడుగు పడ్డట్టయింది. ఆ కంటికి కాసేపు ఏమీ కనిపించలేదు. నోట్లోకి ఉప్పగా రక్తం వచ్చింది. అప్పుడు కూడా అతను నన్ను అక్కా అనే పిలిచాడు. “నీకెందుకక్కా? మా ఇంటి విషయం నీకెందుకు?” అంటూ రెండోసారి కొట్టాడు.

గార్డు వచ్చాడు. ఆయన సైన్యంలో పనిచేసి రిటైరైన నల్లజాతి పెద్దమనిషి, మోకాళ్ళ నొప్పులతో కుంటుతూ నడిచేవాడు. ఆ రోజు కుంటలేదు. వెనకనుంచి వాటేసి అతన్ని నేల మీద పడగొట్టాడు. అతను గార్డు చేతిని కరిచి, కండ ఊడొచ్చేదాకా వదల్లేదు. వెయిటింగ్ హాల్లోంచి ఒక లావుపాటి స్త్రీ పరుగున వచ్చి, ఏమీ అడక్కుండా అతని కాళ్ళ మీద కూర్చుంది. పోలీసులు బేడీలు వేసేదాకా లేవలేదు. ఆవిడ ఫుడ్ స్టాంపుల కోసం పొద్దున్నుంచీ కాచుకుని ఉన్న మనిషి.

ఎమర్జెన్సీలో మా ఇద్దరివీ పక్కపక్క మంచాలు. మధ్యలో తెర ఉంది. నా కనుబొమ్మకి కుట్లు వేస్తుంటే తెర అవతలనుంచి ఆమె గొంతు వినిపించింది. ముందుపళ్ళు విరగడంతో మాట ఊదినట్టు వస్తోంది.

“సారీ అండీ. నా వల్ల మీకు...”

“మీరు సారీ చెప్పకండి.”

మళ్ళీ ఆమే అంది: “నేను ఎవరికి వేస్తానోనని కాదండీ ఆయన బాధ. ఓటెయ్యాలంటే లోపలికి నేనొక్కదాన్నే వెళ్ళాలి కదా. ఆ కాసేపూ కూడా తనెదురుగా లేకుండా ఉండకూడదు నేను. ఇంట్లో బాత్‌రూమ్‌కి గడియ తీసేశాడు.”

నర్సు ఆమె చొక్కా చేతులు కత్తిరించి తీసి, కెమెరా తెమ్మని ఎవర్నో కేకేసింది. తర్వాత కోర్టులో ఆ ఫోటోలు చూశాను. మోచేతుల పైనా కిందా వాతలు, కొత్తవీ పాతవీ. దోసెల అట్లకాడతో కాల్చినవట.

ఆ నెలల్లో మా అమ్మ గుంటూరు నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. నా ముఖం చూసి ఏడవలేదు, తిట్టింది. “దెబ్బలు తినడానికా నువ్వు ఉద్యోగం చేసేది? రేపే మానెయ్.” నాకూ మానేయాలనే ఉంది. వీధిలో ఏ కారు తలుపు గట్టిగా పడినా చేతులు వాటంతటవే ముఖానికి అడ్డం వచ్చేవి. కానీ మానలేదు. కారణం ధైర్యమని చెప్పలేను. మానేస్తే రోజంతా ఇంట్లో కూర్చుని ఆ చప్పుడే వినాలి.

అతనికి బెయిల్ వచ్చింది. ఆమె దగ్గరికి గానీ నా దగ్గరికి గానీ రాకూడదని జడ్జి ఆర్డర్ ఇచ్చాడు. ఆమెని ఆడవాళ్ళ షెల్టర్ వాళ్ళు ఎక్కడికో తీసుకెళ్ళారు. ఎక్కడికో నాకు తెలియదు, తెలుసుకోవాలని ప్రయత్నించనూ లేదు. నాకు తెలిసే ఉంటుందని అతను అనుకున్నాడు.

ఒక శనివారం అమ్మా నేనూ ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాం. నేను ముందొచ్చి కార్లో కూర్చుని అద్దం దించాను. అమ్మ ఇంకా బిల్లు దగ్గరే ఉంది. పక్కన ఎవరో నిలబడ్డట్టు నీడ పడింది. తల తిప్పేలోగా చెయ్యి లోపలికొచ్చి నా గొంతు పట్టుకుంది.

“అదెక్కడుంది? నువ్వే కదా అడ్రస్ మార్చింది. చెప్పు.”

సీటు బెల్టు పెట్టుకుని ఉన్నాను. కదల్లేకపోయాను. అతని బొటనవేలు గొంతులో దిగుతుంటే పార్కింగ్ లాట్ అంతా తెల్లబడిపోయింది. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఉంటే చెప్పేదాన్నేమో, ఆ ఒక్క క్షణం ఊపిరి కోసం. అంతలో వెనక అడుగుల చప్పుడుకి చేతి పట్టు ఒక్కసారి వదులైంది. అమ్మ వచ్చింది. చేతిలో సామాన్ల సంచి, అందులో కొబ్బరికాయలు. రెండు చేతులతో సంచి ఊపి అతని తల మీద కొట్టింది. అతను మోకాళ్ళ మీద పడ్డాడు. అమ్మ మళ్ళీ కొట్టింది. నేను దిగి పట్టుకోకపోతే ఇంకా కొట్టేదే. డెబ్భై దాటిన మనిషి, కొప్పు ఊడిపోయి, రక్తం చిందిన చీరతో, “లెగరా! లెగు!” అని అరుస్తుంటే స్టోర్లోంచి జనం వచ్చి నిలబడిపోయారు.

ఈసారి అతనికి బెయిల్ ఇవ్వలేదు.

కొన్ని వారాల తర్వాత ఆమె ఆఫీసుకి వచ్చింది. కేసులో నేను సాక్షిని కాబట్టి ఆమె దరఖాస్తు నేను చూడకూడదు. నా పక్కబల్ల ఆవిడ చూసింది. ఆమె మాత్రం తెలుగులో చెప్పడానికి నేనే కావాలని అడిగింది. మా సూపర్‌వైజర్ ఒప్పుకుంది. అడ్రస్ మారింది కాబట్టి ఆ ప్రశ్న మళ్ళీ వచ్చింది. పక్కబల్ల ఆవిడ ఇంగ్లీషులో చదివింది. నేను తెలుగులో చెప్పాను.

“అక్కా, నమోదు చేసుకుంటే నా అడ్రస్ బయటివాళ్ళు చూడొచ్చా?” అని అడిగింది ఆమె.

చూడొచ్చు. ఓటర్ల జాబితా అడిగినవాళ్ళకి దొరుకుతుంది. ఆమెలాంటి వాళ్ళకోసం ప్రభుత్వం అసలు చిరునామా దాచి, బదులుగా వేరే పోస్టు చిరునామా ఇచ్చే పథకం ఒకటుంది. ముందు అందులో చేరితే మంచిది. పక్కబల్ల ఆవిడ అదంతా ఓపిగ్గా చెప్పింది. నేను తెలుగు చేశాను.

“అయితే ఈరోజు వద్దు,” అంది ఆమె. “ఆ పథకంలో చేరాక చేసుకుంటాను. ఈరోజుకి నో అని రాయండి.”

బయట హాల్లో గార్డు చేతి మీద మానుతున్న గాటుతో నిలబడి ఉన్నాడు. ఆమె వెళ్తూ ఆయన ముందు ఆగి దణ్ణం పెట్టింది. ఆయన టోపీ తీశాడు.

కోర్టులో అతని లాయరు నన్ను అడిగాడు, ఆ స్త్రీని అంతగా ఒత్తిడి చేయాల్సిన అవసరం ఏముందని. నేను ఒత్తిడి చేయలేదు, అడిగాను అన్నాను. అడక్కుండా ఉంటే ఈ గొడవ జరిగేదా అన్నాడు. ఆ బాత్‌రూమ్ గడియ ఎవరు తీసేశారో మీ క్లయింట్‌ని అడగండి అన్నాను. జడ్జి నన్ను అడిగిన దానికే జవాబు చెప్పమని మందలించాడు. లాయరు పక్క కుర్చీలో అతను తల దించుకుని కూర్చున్నాడు. పశ్చాత్తాపమో ఏమో అనుకున్నాను. వెళ్ళేటప్పుడు నావైపు చూసిన చూపులో అదేమీ లేదు. అతనికి జైలుశిక్ష పడింది. బయటికి వచ్చే రోజు ఒకటి ఉంటుందని నాకు తెలుసు. ఆమెకీ తెలుసు.

ఎన్నికల నెలలో ఫోన్ వచ్చింది. నెంబరు కనిపించలేదు. ఆమే. ఏదో ఊళ్ళో స్కూలు వంటగదిలో పని చేస్తోందట. ఊరి పేరు చెప్పలేదు. పథకంలో చేరినవాళ్ళకి బ్యాలెట్ పోస్టులో వస్తుంది. గదిలో తలుపేసుకుని, బల్ల దగ్గర కూర్చుని, అన్నీ చదివి నింపానని చెప్పింది. మధ్యలో లేచి కాఫీ కూడా పెట్టుకుందట.

అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని స్పీకర్ నొక్కింది. అన్నం సరిగ్గా తింటున్నావా, పళ్ళు కట్టించుకున్నావా అని అడిగింది. తర్వాత గొంతు తగ్గించి, “ఇంతకీ ఎవరికి వేశావమ్మా?” అంది.

స్పీకర్లో ఆమె నవ్వు వినిపించింది.

“చెప్పను ఆంటీ.”